జవాబు రాని ప్రార్థన: తొలి క్రైస్తవులు ఏమనుకున్నారు, ఇప్పుడేమంటున్నారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. “అడుగుడి మీకియ్యబడును” అని యేసు ఏ షరతూ పెట్టకుండా అన్నాడు. అయినా భక్తిగా అడిగినవాళ్ళకు కూడా అడిగినవన్నీ జరగవు. ఈ చిక్కు మొదటి తరాల క్రైస్తవులకు తెలుసా, తెలిస్తే ఏం చెప్పుకున్నారు, ఇప్పటివాళ్ళు చెప్పేది అదేనా? దాంతోపాటు, మీ బంధువుకు జబ్బు తగ్గకపోతే సంఘపెద్ద ఒకరు “విశ్వాసం చాలలేదు” అన్నారని రాశారు. ఒకే విన్నపం పదేపదే చేయడం అపనమ్మకమా అని కూడా అడిగారు.

సంఘ చరిత్ర పాఠాలు చెప్పడం చాలాకాలంగా నా పని. ఈ ప్రశ్న రాని బ్యాచ్ లేదు. అడిగేవాళ్ళలో చాలామందికి ఉండే ఊహ ఏమిటంటే, తొలి క్రైస్తవులు అడిగిందల్లా జరిగే అద్భుతాల కాలంలో బతికారని, సందేహాలన్నీ సైన్సు వచ్చాక పుట్టాయని. ఆ ఊహ నిలవదు. జవాబు రాని ప్రార్థన వాళ్ళకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆధునిక కాలంలో మారింది వేరే విషయం: దేన్ని జవాబు కింద లెక్కపెట్టాలన్నది.

కొత్త నిబంధనే చూడండి. మత్తయి 7లో “అడుగుడి” అన్న మాట ఉంది. మార్కు 11లో అంతకన్నా గట్టిగా, అడుగుతున్నవాటిని పొందామని నమ్మితే అవి కలుగుతాయని ఉంది. మూడు అధ్యాయాలు దాటితే అదే మార్కులో, ఆ మాట చెప్పిన యేసే గెత్సేమనేలో నేలమీద పడి, ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, నా దగ్గర నుంచి తీసెయ్యి అని అడుగుతాడు. గిన్నె తీయలేదు. మర్నాడే సిలువ. పౌలు తన శరీరంలోని ముల్లు పోవాలని మూడుసార్లు వేడుకున్నానని కొరింథీయులకు రాసిన రెండవ ఉత్తరంలో చెప్పాడు. ముల్లు పోలేదు, “నా కృప నీకు చాలును” అన్న మాట వచ్చింది. వాగ్దానాన్నీ, అది అక్షరాలా జరగని సందర్భాన్నీ ఒకే పుస్తకంలో పెట్టుకుని చదివినవాళ్ళు ఆ తొలి సంఘాలవాళ్ళు. ఎవరో తర్వాత కనిపెట్టి చూపిస్తే తప్ప కనబడని లోపం కాదది.

వాళ్ళు రోజూ ఎలా ప్రార్థించేవాళ్ళో కొంత తెలుసు. డిడాకే అనే పాత చేతిపుస్తకం, చాలామంది మొదటి శతాబ్దం చివరిదో రెండో శతాబ్దం మొదటిదో అంటారు, యేసు నేర్పిన పరలోక ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పమంటుంది. బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండమంటుంది. ఆ ప్రార్థనలో వస్తువు కింద లెక్కకొచ్చేది అనుదినాహారం ఒక్కటే. మిగతావి నామం, రాజ్యం, చిత్తం, క్షమాపణ, శోధన. అంటే తొలి క్రైస్తవుల నోట్లో ఎక్కువగా ఆడిన ప్రార్థనలోనే “నీ చిత్తము నెరవేరును గాక” ఉంది. జరగకపోతే తప్పించుకోవడానికి తర్వాత తగిలించిన మాట అని కొందరు అంటుంటారు గానీ, అది మొదటినుంచీ ఉన్నదే.

అయితే వాళ్ళు ఆత్మ సంబంధమైనవి మాత్రమే అడిగేవాళ్ళు, లౌకికమైనవి అడగలేదు అనే వాదన కూడా సరికాదు. ఇక్కడ ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీకి చెందిన క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్‌ను కాస్త దగ్గరగా చూడాలి. సుమారు క్రీ.శ. 200లో ప్రార్థన మీద ఆయన ఒక చిన్న గ్రంథం రాశాడు. దాని చివరి అధ్యాయంలో అంటాడు: పాతకాలంలో ప్రార్థన అగ్నిగుండం నుంచి కాపాడింది, సింహాల నోళ్ళు మూసింది, ఆకలిగొన్నవాడికి అన్నం తెచ్చిపెట్టింది, కానీ క్రైస్తవుడి ప్రార్థన మంటల మధ్యకు మంచు కురిపించే దేవదూతను దించదు, సింహాల నోరు కట్టదు, బాధ తెలియకుండా చేయదు, బాధపడేవాడికి ఓర్చుకోవడం నేర్పుతుంది. ఇది చదివి, అబ్బ, ఎంత పరిపక్వమైన మాట అనుకుంటాం. అదే అధ్యాయంలో కొద్ది వాక్యాలు దాటగానే, ప్రార్థన రోగుల్ని బాగుచేస్తుంది, దయ్యాలు పట్టినవాళ్ళను విడిపిస్తుంది, చెరసాల తలుపులు తెరుస్తుంది అంటాడు. అంతకు కొన్నేళ్ళ ముందు రాసిన మరో పుస్తకంలో అయితే, మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి సైన్యం దాహంతో చచ్చిపోయే స్థితిలో ఉంటే క్రైస్తవ సైనికుల ప్రార్థనకే వాన పడిందని గర్వంగా చెప్పుకున్నాడు.

ఆ వాన కథ సరదాగా ఉంటుంది. వాన పడిందని రోమన్లు కూడా ఒప్పుకున్నారు. దాన్ని తెప్పించింది ఒక ఐగుప్తు మాంత్రికుడని చరిత్రకారుడు డియో రాశాడు. రోములో ఇప్పటికీ నిలబడి ఉన్న మార్కస్ ఆరేలియస్ స్తంభం మీద, చాచిన చేతుల నుంచి నీళ్ళు ధారలు కడుతున్న వాన దేవుడి బొమ్మ చెక్కి ఉంది. ఒకే వానకు ముగ్గురు హక్కుదారులు! అంటే, జరిగిన సంగతిని చూపించి ఇది మా ప్రార్థన ఫలమే అని పక్కవాణ్ణి ఒప్పించడం ఆ రోజుల్లోనే కుదరలేదు.

తెర్తుల్లియన్ చెప్పిన ఓర్పు ఉత్తమాట కాదని అదే ఊళ్ళో 203లో తేలింది. పెర్పెటువా అనే యువతి, చంటిబిడ్డ తల్లి, కార్తేజీ మైదానంలో హతసాక్షి అయింది. జైలు రోజుల్ని ఆమే రాసుకుంది. నిర్బంధంలో ఉండగా బాప్తిస్మం తీసుకున్నప్పుడు, ఈ నీళ్ళ దగ్గర శరీరానికి ఓర్పు తప్ప మరేమీ అడగవద్దని ఆత్మ తనకు తెలిపినట్టు అందులో ఉంది. విడుదల అడగలేదు. కానీ చనిపోయిన తన చిన్న తమ్ముడి కోసం మాత్రం రాత్రింబవళ్ళు ఏడ్చి వేడుకుంది. ఆ ప్రార్థన ఫలించిందని దర్శనం చూసి నమ్మింది. తన ప్రాణం విషయంలో ఒకలా, తమ్ముడి విషయంలో మరోలా. ఏది అడగాలో ఏది అడగకూడదో ఒక సూత్రం కింద తేల్చేద్దాం అనుకునేవాళ్ళకు ఈ డైరీ లొంగదు.

ఇక తర్కం సంగతి. దేవుడికి ముందే అన్నీ తెలుసు కదా, ఆయన చిత్తమే జరుగుతుంది కదా, మరి అడగడం దేనికి? ఇది కొత్త ప్రశ్న అనుకునేవాళ్ళు మూడో శతాబ్దపు వేదాంతి ఓరిగెను ప్రార్థన మీద రాసిన గ్రంథం చూడాలి. సుమారు 233లో, తన మిత్రుడు, పోషకుడు అయిన అంబ్రోసు పంపిన ప్రశ్నకు ఆయన జవాబు రాశాడు. ఎదుటివాళ్ళ వాదనను ఏమాత్రం పలచన చేయకుండా పెట్టాడు: సూర్యుడు ఉదయించాలని ప్రార్థించేవాడు మూర్ఖుడు, ఎలాగూ ఉదయిస్తాడు, వేసవి ఎండ మాడుస్తోందని, సూర్యుణ్ణి వసంతకాలపు చోటికి జరపమని ప్రార్థించేవాడు ఇంకా పెద్ద మూర్ఖుడు. ఓరిగెను జవాబు ఏమిటంటే, దేవుడికి ముందే తెలిసినవాటిలో మనం స్వేచ్ఛగా చేయబోయే ప్రార్థన కూడా ఉంది. ఫలానావాడు ఇలా అడుగుతాడని తెలిసే ఆయన తన ఏర్పాట్లు చేస్తాడు. పదమూడో శతాబ్దంలో తోమా అక్వినాసు అనే వేదాంతి దీన్నే ఇంకా బిగించి చెప్పాడు: మనం ప్రార్థించేది దేవుడి నిర్ణయాన్ని మార్చడానికి కాదు, ప్రార్థన ద్వారా ఇవ్వాలని ఆయన నిర్ణయించినదాన్ని పొందడానికి. తర్కంగా ఇది గట్టి జవాబే. ఐసీయూ బయట కూర్చున్నవాడికి ఏమాత్రం పనికొస్తుందో నాకు అనుమానమే. అంబ్రోసు అడిగింది తర్కం కాబట్టి ఓరిగెను తర్కమే ఇచ్చాడు.

మనసుకు తగిలే జవాబు, తర్వాత ఆఫ్రికాలో బిషప్పు అయిన అగస్టీను దగ్గర దొరుకుతుంది. 383లో ఆయన కార్తేజీ వదిలి రోముకు వెళ్ళాలనుకున్నాడు. తల్లి మోనికా పట్టుకుని వదల్లేదు. ఉంటే నాతో ఉండు, లేదా నన్నూ తీసుకెళ్ళు అంది. స్నేహితుడొకడు ఓడ ఎక్కుతున్నాడు, ఓడకు అనుకూలమైన గాలి వచ్చేదాకా వాడికి తోడుంటాను అని అబద్ధం చెప్పి, ఓడ దగ్గర్లో ఉన్న, హతసాక్షి అయిన బిషప్పు సిప్రియన్ స్మారక మందిరంలో ఆ రాత్రి ఆమెను ఉండమన్నాడు. ఆమె అక్కడ ఏడుస్తూ ప్రార్థిస్తోంది. అడిగింది ఒక్కటే, కొడుకు ఓడెక్కకూడదని. ఆ రాత్రే ఓడ కదిలింది. తెల్లారి ఒడ్డున నిలబడి, దేవుడు తన మొర వినలేదని గగ్గోలు పెట్టింది. కొడుకు రోము నుంచి మిలానుకు చేరి, అక్కడే మనసు మారి, 387లో బాప్తిస్మం పొందాడు. ఆమె ఏళ్ళ తరబడి అడుగుతున్నది అదే. అగస్టీను తర్వాత రాసుకున్నది చూడండి: ఆమె ఎప్పుడూ అడిగేదాన్ని ఇవ్వడానికే, ఆ రాత్రి అడిగినదాన్ని నువ్వు పట్టించుకోలేదు ప్రభూ.

ఈ కథను సాక్ష్యాల్లో చెప్పేటప్పుడు ఒక సంగతి వదిలేస్తారు. ఈ అర్థం కొడుకుకు దాదాపు పదిహేనేళ్ళ తర్వాత తోచింది. ఆ ఉదయం ఒడ్డున ఉన్న తల్లి చేతిలో ఏ అర్థమూ లేదు. ఎవరైనా ఆమె దగ్గరికి వెళ్ళి “దేవుడికి ఇంతకన్నా మంచి ప్లాన్ ఉందమ్మా” అని ఉంటే అది నిజమే అయ్యేది, కానీ ఆ మాట చెప్పే హక్కు వాళ్ళకు ఉండేది కాదు.

410లో రోము దోపిడీకి గురయ్యాక ఆఫ్రికాకు పారిపోయి వచ్చిన ప్రోబా అనే సంపన్న విధవరాలికి అగస్టీను ప్రార్థన గురించి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. మన కోరిక తెలుసుకోవడం దేవుడికి అవసరం లేదు, ఆయనకు తెలుసు. అడగడంలో మన ఆశ సాగి, ఆయన ఇవ్వబోయేది పట్టేంత పెద్దదవుతుంది అంటాడు. ఏం అడగాలో మనకు సరిగ్గా తెలియదని పౌలు రోమీయులకు రాసినమాటను తీసుకుని, బాధ తీసెయ్యమని అడగడం మనిషన్నవాడికి సహజమని కూడా ఒప్పుకుంటాడు. అంతకు కొన్నేళ్ళ ముందు ఐగుప్తు ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్ అనే సన్యాసి సొంత అనుభవం చెప్పాడు: నాకు మంచిదనిపించినదాన్ని పట్టుబట్టి అడిగాను, తీరా అది దొరికాక, దేవుడి ఇష్టానికి వదిలేసి ఉంటే బాగుండేదని బాధపడ్డాను.

మధ్యయుగాలను దాటేస్తున్నాను. ప్రొటెస్టెంటు సంస్కరణ మొదలుపెట్టిన లూథరు దగ్గర మాత్రం ఆగాలి. 1540లో ఆయన సహచరుడు మెలాంక్తన్ వైమార్‌లో చావుబతుకుల్లో ఉన్నాడు. లూథరు వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి, వాగ్దానాలన్నీ ఏకరువు పెడుతూ దేవుడితో దాదాపు పోట్లాడినంత పనిచేశాడు. నేను ఆయన గుమ్మం ముందు మూట పడేసి, ఆయన చెప్పిన వాగ్దానాలతోనే ఆయన చెవులు రుద్దాను అని తర్వాత చెప్పుకున్నాడు. మెలాంక్తన్ బతికాడు. రెండేళ్ళకు, 1542 సెప్టెంబరులో, లూథరు పదమూడేళ్ళ కూతురు మగ్దలేనా మంచం పట్టింది. ఇదంటే నాకు చాలా ప్రేమ, కానీ తీసుకెళ్ళడం నీ చిత్తమైతే నీ దగ్గర ఉంటుందని సంతోషిస్తాను అని ప్రార్థించాడు. ఆ పిల్ల తండ్రి చేతుల్లోనే పోయింది. దేవుడికి కృతజ్ఞతలు చెప్పాల్సిందే గానీ నావల్లా నా భార్యవల్లా కావడం లేదు, ఏడుపు ఆగడం లేదు అని మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఇదే మనిషి, ఇదే విశ్వాసం. సహచరుడికి ఎక్కువ విశ్వాసంతో, కన్నకూతురికి తక్కువ విశ్వాసంతో ప్రార్థించాడని అనగలమా?

ఇప్పుడు ఆధునిక కాలం. ఇక్కడే అసలు మలుపు ఉంది. 1871 చివర్లో బ్రిటిష్ యువరాజుకు టైఫాయిడ్ వచ్చింది, దేశమంతా ప్రార్థించింది, కోలుకున్నాడు, 1872 ఫిబ్రవరిలో సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఘనంగా కృతజ్ఞతా కూడిక జరిగింది. అదే ఏడాది లండన్ పత్రికల్లో పెద్ద రగడ. ఒక ఆసుపత్రి వార్డును ఎంచుకుని, అక్కడి రోగుల కోసం కొన్నేళ్ళు ప్రార్థన చేయించి, మరణాల రేటును మిగతావాటితో పోల్చి చూద్దాం అని ఒక ప్రతిపాదన వచ్చింది. భౌతికశాస్త్రవేత్త టిండల్ దాన్ని ముందుపెట్టాడు. గణాంకాల మీద పనిచేసిన శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ ఇంకో దారి పట్టాడు. రాజకుటుంబాల దీర్ఘాయువు కోసం చర్చిల్లో ప్రతివారం ప్రార్థిస్తారు కదా, వాళ్ళు ఎక్కువకాలం బతకాలి కదా అని లెక్క తీశాడు. ముప్పై ఏళ్ళు దాటి బతికినవాళ్ళలో రాజకుటుంబీకుల సగటు 64 ఏళ్ళు, సామాన్య సంపన్నుల సగటు 70. కలిగిన వర్గాలన్నిటిలో తక్కువ ఆయుష్షు రాజులదే.

గాల్టన్ లెక్కను ఎగతాళి చేయడం సులువు. కానీ ప్రార్థనను అలా కొలవవచ్చన్న ఆలోచనకు కొంతవరకు విశ్వాసులే దారి వేశారు. అదే కాలంలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ అనాథాశ్రమాలు నడిపాడు. 1836లో మొదలుపెట్టి, 1898లో చనిపోయేలోపు పదివేల మంది పిల్లల్ని పోషించాడు. ఏ మనిషినీ డబ్బు అడగను, దేవుణ్ణే అడుగుతాను అని నియమం పెట్టుకుని, ఏ తేదీన ఏ అవసరం వచ్చింది, ఏ తేదీన ఎంత వచ్చింది అని ఖాతా రాసి అచ్చువేశాడు. దేవుడు ఇప్పటికీ వింటాడని లోకానికి చూపించడమే తన ఉద్దేశమని దాచకుండా చెప్పాడు. ముల్లర్ మీద నాకు గౌరవం ఉంది. ఆ అచ్చు పుస్తకాలే దాతలకు విజ్ఞప్తిలా పనిచేసి ఉంటాయన్న విమర్శలో నిజం లేకపోలేదు కూడా. కానీ గమనించండి, ఖాతాపుస్తకం తెరిచాక జమతో పాటు బాకీ కూడా లెక్కపెట్టమని అవతలివాడు అడుగుతాడు. గాల్టన్ అడిగింది అదే.

ఆ టిండల్ వార్డు చివరికి నిజంగానే జరిగింది. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కో గుండె రోగులు 393 మందిపై చేసిన పరిశోధనలో ప్రార్థన అందినవాళ్ళు కొన్ని అంశాల్లో మెరుగ్గా ఉన్నారని వచ్చింది. లెక్కకు తీసుకున్న అంశాలు మరీ ఎక్కువ, కొన్నింట్లో తేడా యాదృచ్ఛికంగానే రావచ్చని విమర్శ వచ్చింది. వీటిలో పెద్దది 2006లో వెలువడింది. ఆరు ఆసుపత్రుల్లో బైపాస్ సర్జరీ చేయించుకున్న 1802 మందిని మూడు గుంపులు చేశారు. ప్రార్థించే బృందాలకు రోగి పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం ఇచ్చి, సర్జరీ విజయవంతం కావాలి, త్వరగా కోలుకోవాలి, చిక్కులు రాకూడదు అన్న ఒకే వాక్యం కలిపి పద్నాలుగు రోజులు ప్రార్థించమన్నారు. ప్రార్థన అందిన గుంపులో చిక్కులు వచ్చినవాళ్ళు 52 శాతం, అందని గుంపులో 51 శాతం. ఈ రెండు గుంపులకూ తమకోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియదు. మీకోసం ప్రార్థిస్తున్నారు అని చెప్పిన మూడో గుంపులో 59 శాతం. టెన్షన్ పెరిగిందేమో, అంత సీరియస్‌గా ఉన్నానా అనుకున్నారేమో అని పరిశోధకులే ఊహించారు.

దీన్నిబట్టి దేవుడు లేడని తేలదు, ఉన్నాడనీ తేలదు. ప్రార్థన అందని గుంపు అన్నవాళ్ళకు సొంత ఇంట్లోవాళ్ళు ప్రార్థించకుండా ఎవరు ఆపగలరు? తేలింది ఒక్కటే: మాత్ర వేసినట్టు ప్రార్థన వేస్తే మాత్రలా పనిచేయదు. అలా పనిచేస్తుందని తెర్తుల్లియనూ అనలేదు, అగస్టీనూ అనలేదు. అలా అన్నది ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో పుట్టి ప్రపంచమంతా పాకిన సమృద్ధి సువార్త. మార్కు 11ను పట్టుకుని, నమ్మి నోటితో ఒప్పుకుంటే జరిగి తీరాలి, జరగలేదంటే లోపం నీదే అంటుంది. నా లెక్కలో గాల్టన్, ఈ బోధకులు ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. ఇద్దరికీ ప్రార్థన ఒక మీట. అది పనిచేయదంటాడు ఒకడు, నువ్వు సరిగ్గా నొక్కలేదంటాడు ఇంకొకడు.

మరో కొసన, ప్రార్థన దేవుణ్ణి మార్చదు, ప్రార్థించేవాణ్ణే మారుస్తుంది అన్న మాట బాగా ప్రచారంలో ఉంది. డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ ఇలాంటి మాటే అన్నాడు. అందులో సగం అగస్టీనుదే. కానీ అక్కడితో ఆగిపోతే, “నేటి ఆహారం ఇవ్వు” అన్నది నటన అయిపోతుంది. స్విట్జర్లాండ్ వేదాంతి కార్ల్ బార్త్ దీనికి గట్టిగా అడ్డం తిరిగాడు: దేవుడు చెవిటివాడు కాడు, మనం ప్రార్థించినా ప్రార్థించకపోయినా ఒకేలా ప్రవర్తించడు. ఇటీవలి వేదాంతుల్లో కొందరు, భవిష్యత్తులో కొంత దేవుడే తెరిచి ఉంచాడని, మన అడగడం నిజంగా దాన్ని మలుస్తుందని అంటున్నారు. ఓరిగెను దీనికి ఒప్పుకునేవాడు కాదు. 1944లో నాజీ జైల్లో ఉన్న జర్మన్ పాస్టరు బాన్‌హాఫర్ మిత్రుడికి రాసిన వాక్యం నాకు అందరికన్నా దగ్గరగా అనిపిస్తుంది: దేవుడు మన కోరికలన్నిటినీ తీర్చడు, తన వాగ్దానాలన్నిటినీ నెరవేరుస్తాడు. మరుసటి ఏప్రిల్లో ఆయన్ని ఉరితీశారు. ఇక ప్రసంగాల్లో తరచూ వినే “అవును, కాదు, ఆగు, దేవుడి జవాబులు ఈ మూడే” అన్న సూత్రం నాకు నచ్చదు. ఏం జరిగినా సరిపోయే జవాబు వినేవాడికి ఏమీ చెప్పదు.

మీ సంఘపెద్ద మాట సంగతి. యాకోబు పత్రికలో “విశ్వాససహితమైన ప్రార్థన ఆ రోగిని స్వస్థపరచును” అని ఉన్నమాట నిజమే. అయితే అక్కడ ప్రార్థించమన్నది పెద్దల్ని, నూనె రాయమన్నదీ పెద్దల్నే. విశ్వాసం కొలవాలంటే మొదట ఎవరిది కొలవాలో ఆ వచనమే చెబుతోంది. ఆయన్ని నొప్పించకుండా ఇదొక్కటి అడిగి చూడండి. పైగా పౌలు సహచరుల్లో ఎపఫ్రొదితు చావుకు దగ్గరై బాగుపడ్డాడు. త్రోఫిమును మిలేతులో రోగిగా వదిలి వచ్చానని పౌలు మామూలుగా రాశాడు, వాడి విశ్వాసం మీద ఒక్క మాట అనలేదు. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. కాబట్టి మీ బంధువు మందులు మానకుండా చూసుకోండి. మానమని ఎవరైనా అంటే ఆ మాట వినకండి.

మళ్ళీ మళ్ళీ అడగడం గురించి: మత్తయి 6లో యేసు వద్దన్నది, మాటలు పెంచితే దేవుడు వింటాడనే లెక్కతో చేసే వ్యర్థ జపాన్ని. అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విసిగించిన విధవరాలి కథ చెప్పిందీ ఆయనే. గెత్సేమనేలో ఆయన మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడని మత్తయి రాశాడు. పౌలు మూడుసార్లు అడిగి ఆపాడంటే, అప్పటికి ఆయనకు ఒక జవాబు వచ్చింది. మీకు ఇంకా రాలేదనిపిస్తే, ఆపెయ్యమని ఈ పేర్లలో ఎవరూ చెప్పలేదు.